సవరణ: లోలకం సిమ్యులేషన్‌లో కోణానికీ ఆవర్తన కాలానికీ ఉన్న సంబంధం

కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ ప్రాంగణంలో రూపొందిన ఫెట్ సిమ్యులేషన్లలో (కంప్యూటర్ తెర మీద ప్రయోగాలు చేసి చూసే నమూనాలలో) ఒకటైన ‘పెండ్యులమ్ ల్యాబ్’ను పరిచయం చేసిన వ్యాసంలో, లోలకాన్ని ఎంత కోణం నుంచి వదిలినా దాని ఆవర్తన కాలం (ఒక పూర్తి డోలనానికి పట్టే సమయం) మారదన్న వాక్యం ఉంది. దానిని చిన్న కోణాలకు మాత్రమే పరిమితం చేసి చదువుకోవాలి.

ఒక మీటరు పొడవున్న లోలకాన్ని భూమి మీద 10 డిగ్రీల నుంచి వదిలితే ఒక డోలనానికి సుమారు 2.01 సెకన్లు పడుతుంది. 30 డిగ్రీలకు అది 2.04 సెకన్లు, 90 డిగ్రీలకు దాదాపు 2.37 సెకన్లు అవుతుంది. లోలకాన్ని మధ్యస్థానానికి లాగే బలం కోణానికి కాక, కోణపు సైన్ విలువకు అనులోమానుపాతంలో ఉంటుంది. కోణం పెరిగేకొద్దీ సైన్ విలువ రేడియన్లలో కొలిచిన కోణం కన్నా వెనకబడుతుంది కాబట్టి లోలకం తిరిగి రావడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. పాఠ్యపుస్తకాల్లోని సూత్రం ఈ రెండూ సమానమన్న ఉజ్జాయింపు మీద నిలిచినది. నిజానికి తరగతిలో చూపదగిన భాగం ఇదే, కానీ ఎక్కువగా దాటవేసేదీ ఇదే.

ఆవర్తన కాలం మీద లోలకపు ద్రవ్యరాశి ప్రభావం ఉండదన్న ఆ వ్యాసంలోని మాట యథాతథంగా నిలుస్తుంది. అయితే కొలతలు తీసుకునేటప్పుడు ఘర్షణను సున్నా వద్ద ఉంచాలి. గురుత్వం తెలియని ‘ప్లానెట్ ఎక్స్’ను ఎంచుకుని, ఆవర్తన కాలం నుంచి ఆ గురుత్వాన్ని కనుక్కునే అభ్యాసంలో కోణాన్ని 10 డిగ్రీలు దాటనివ్వకూడదు. 90 డిగ్రీల కొలతను మామూలు సూత్రంలో వేస్తే గురుత్వ త్వరణం సుమారు 28 శాతం తక్కువగా వస్తుంది.