ఏ-20ని చెత్త ట్యాంకు అనకండి

వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ అనే ఆన్‌లైన్ ట్యాంకు యుద్ధాల గేమ్ ఆడేవాళ్లలో ఒక మాట తెగ తిరుగుతోంది: "సోవియట్ ఏ-20 ఫెయిలైన ట్యాంకు. ఒక్క దెబ్బకే పోతుంది, గన్‌తో ఏమీ చేయలేం. అందుకే సైన్యం కూడా దాన్ని పక్కన పడేసింది." కొత్తగా ఆడేవాళ్లు ఇది నమ్మేసి దాని జోలికే పోకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

"సైన్యం పక్కన పడేసింది" అనే మాట దగ్గరే అసలు పొరపాటు. ఖార్కివ్‌లోని 183వ నంబరు ఫ్యాక్టరీలో మిఖాయిల్ కోష్కిన్ బృందం దీన్ని తయారుచేసింది. బరువు సుమారు 18 టన్నులు, 45 మి.మీ. గన్, వాలుగా అమర్చిన 20 మి.మీ. కవచం. అప్పట్లో ట్రాక్‌లు (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టీలు) త్వరగా అరిగిపోయేవి కాబట్టి, వాటిని తీసేసి చక్రాల మీద కూడా నడిపేలా కట్టారు. దీనికి తోడుగా వచ్చిన ఏ-32కి ట్రాక్‌లు మాత్రమే. 1939లో రెండింటినీ పరీక్షించి, రెండూ బాగున్నాయనే చెప్పారు. కాకపోతే చక్రాలను తిప్పే యంత్రాంగం లేని ఏ-32 ఇంకొంత బరువు మోయగలదు, అంటే కవచం మందం పెంచుకోవచ్చు. అలా 45 మి.మీ. కవచంతో రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన సోవియట్ ట్యాంకు టి-34 వచ్చింది. ఆ ఇంట్లో పెద్దబిడ్డ ఏ-20యే.

గేమ్‌లో చూసిందే నిజం అనుకోవడానికీ లేదు. అందులో ఏ-20 ఎప్పుడూ ట్రాక్‌ల మీదే నడుస్తుంది. ఏ పని కోసం దాన్ని పుట్టించారో అందులో సగం అక్కడ లేనే లేదు.

గన్ సంగతికొస్తే, గేమ్‌లో నాలుగో టయర్ (స్థాయి) ఏ-20కి ఐదో టయర్ కేవీ-1 అనే సోవియట్ బరువు ట్యాంకు కూడా ఎదురవుతుంది. దాని 75 మి.మీ. కవచాన్ని 45 మి.మీ. గన్ ముందునుంచి ఛేదించాలనుకోవడమే తప్పు.

ఇక ఒక్క దెబ్బకే పోవడం. కనబడితే పోతుంది, ఒప్పుకుంటాను. కనబడకుండా ఉండటమే దాని పని! గేమ్‌లో ఏ-20 లాంటి లైట్ ట్యాంకులు కదులుతున్నా వాటి మరుగు తగ్గదు. మలినోవ్కా మ్యాప్‌లో మైదానం అంచున పొద వెనక ఆగి చూడండి, గన్ పేల్చకండి. పొదకు 15 మీటర్లలోపు నుంచి పేలిస్తే ఆ పొద ఇచ్చే మరుగు చాలావరకు పోతుంది. ఊరికే కూర్చుంటే చాలు. అవతలి గట్టున మీకు కనబడిన శత్రు ట్యాంకులు ఒక్కొక్కటే మనవాళ్ల మ్యాప్‌లోనూ తేలతాయి, వెనక నుంచి మనవాళ్లు కొడతారు, ఆ డ్యామేజ్‌లో మీకూ ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) వస్తుంది.