కదిలితే ఒట్టు!

ల్యాబ్‌లో సగం సిస్టమ్‌లు ఆన్ కావడం లేదనో, సి ప్రోగ్రామింగ్ చెప్పే సారు సెమిస్టరు మధ్యలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడనో అల్పమైన సాకులు చెప్పి, ఫస్టియర్ కాగానే వేరే కాలేజీకి మారతామని మారాం చేసే సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) పిల్లలు ఏటా కనిపిస్తూనే ఉంటారు. తల్లిదండ్రులు మందలించాల్సింది పోయి, వాళ్ల వెంట చెప్పులరిగేలా తిరుగుతుంటారు. వ్యవస్థ తరఫున నాలుగు ముక్కలు మాట్లాడే దిక్కు లేకపోబట్టి ఆ భారం నేను నెత్తినేసుకుంటున్నాను.

ముందు కాలేజీ కష్టం చూడండి. కన్వీనర్ కోటా కింద 70 శాతం, మేనేజ్‌మెంట్ కోటా కింద 30 శాతం, సీటు నిండేది ఒక్కసారే. సెకండియర్‌లో ఒకడు వెళ్లిపోతే ఆ ఖాళీ కోసం ఎప్‌సెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్ మళ్లీ పెట్టరు. పోయేవాడు ఒంటరిగా పోతే ఎవరికీ అభ్యంతరం లేదు. మూడేళ్ల ఫీజును కూడా వెంటేసుకుని పోతానంటేనే గొడవ. అందుకే టీసీ అడగ్గానే అకౌంట్స్ సెక్షన్‌కు పంపిస్తారు.

అక్కడి మర్యాద చూసి తీరాలి. “పెద్దాయనా, మీవాడి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు. అది మీరు కట్టేయండి, గవర్నమెంటు వేశాక మేం వాపస్ ఇస్తాం.”

“మరి అది కడితే సర్టిఫికెట్లు ఇస్తారా సార్?”

“మిగతా మూడేళ్లది కూడా కడితే ఎందుకివ్వం?”

ఇంత సూటిగా లెక్క చెప్పే చోటు ఇంకెక్కడైనా ఉందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది కదా అని కొందరు పేపరు ముక్క పట్టుకుని వాదిస్తారు. కాలేజీలు పెట్టుకోవడం లేదు బాబూ, భద్రపరుస్తున్నాయి. టెన్త్ మెమో ఇంట్లో ఉంటే చెదలు పట్టొచ్చు, చెల్లెలు దాని మీద బొమ్మలు గీయొచ్చు. కాలేజీ బీరువాలో ఆ భయం లేదు. యజమాని చేతికి కూడా చిక్కదు.

సరే, ఎన్ఓసీలూ (అభ్యంతరం లేదనే కాగితాలు), నో డ్యూసూ (బాకీ లేదనే కాగితాలు) అన్నీ సాధించి వేరే యూనివర్సిటీ పరిధిలోంచి జేఎన్‌టీయూ హైదరాబాద్ కాలేజీకి ఒకడు వచ్చాడనుకుందాం. యూనివర్సిటీ నిబంధనల పుస్తకం వాడికి ఘనస్వాగతం పలుకుతుంది. అక్కడ తప్పిన సబ్జెక్టులకు సమానమైనవి ఇక్కడ పాసవ్వాలి, అక్కడ లేనివి ఇక్కడ చదవాలి. ఇంతవరకూ ఎవరైనా ఊహించగలరు. ఆణిముత్యం లాంటి వాక్యం ఆ తర్వాత ఉంది. అక్కడ పాసైన సబ్జెక్టే ఇక్కడ వేరే సెమిస్టరులో ఉంటే, చదివిందే చదువుతున్నాడని తెలిసినా సరే, మళ్లీ చదవాల్సిందే. రాసినవాళ్లు తెలియక రాయలేదు, తెలిసే రాశామని అందులోనే ఒప్పుకున్నారు. అంత నిజాయితీ నేను ప్రభుత్వ ఉత్తర్వుల్లో కూడా చూడలేదు.

దాంతో వాడు డేటా స్ట్రక్చర్స్ రెండో కాలేజీలో రెండోసారి చదువుతాడు. లింక్డ్ లిస్ట్‌లో, అంటే ఒక్కో డబ్బా (నోడ్) తన తర్వాతిది ఎక్కడుందో బాణంతో (పాయింటర్‌తో) చూపే జాబితాలో, ఒక నోడ్‌ను ఒకచోట నుంచి తీసి మరోచోట చేర్చడం ఎలా? మూడు పాయింటర్లు మారిస్తే చాలు, డేటాను ముట్టుకోనక్కర్లేదు అని రాసి, పక్కన డబ్బాలూ బాణాలూ గీసి, ఫుల్ మార్కులు తెచ్చుకుంటాడు. ఆ జవాబు ఏ రిజిస్ట్రార్ ఆఫీసు కంటా పడకుండా వాల్యుయేషన్ సెంటర్‌లోనే ఉండిపోవడం మన అదృష్టం.

బ్రాంచి మారే సంగతి ఎత్తకపోవడమే మేలు. ప్రవేశాలు ముగిశాక అది లేనే లేదు. హాల్ టికెట్ నంబరులో 05 పడితే సీఎస్ఈ, 66 పడితే ఏఐ ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్), 67 పడితే డేటా సైన్స్. ఫస్టియర్‌లో ముగ్గురూ చదివేది ఇంచుమించు అవే మ్యాథ్స్, అవే ఫిజిక్సు, అదే సి. అయినా 67ను 05గా మార్చడం మానవమాత్రుల వల్ల కాదు.

ఇక 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. సంపాదించిన క్రెడిట్లు (పాసైన సబ్జెక్టులకు ఇచ్చే పాయింట్లు) ఖాతాలో పడతాయి, ఏడేళ్ల దాకా చెల్లుతాయి, ఒకచోటివి ఇంకోచోటికి తీసుకెళ్లొచ్చు అన్నారు. మన పిల్లలంతా బుద్ధిగా డిజిలాకర్‌లో ఐడీలు తీసుకున్నారు. ఇప్పుడు క్రెడిట్లు ఆకాశంలో స్వేచ్ఛగా విహరిస్తున్నాయి, మెమోలు బీరువాలో ఉన్నాయి, పిల్లాడు ఎప్పటిలాగే మూడో బెంచీలో ఉన్నాడు.

హైదరాబాద్ శివార్లలోనే ఇబ్రహీంపట్నం నుంచి ఘట్‌కేసర్‌కు మారలేకపోయిన ఇదే కుర్రాడు నాలుగేళ్లూ ఓర్చుకుని ఎమ్మెస్‌కు అమెరికా పోతాడు. అక్కడ యూనివర్సిటీ నచ్చకపోతే కొత్తచోట అడ్మిషన్ తెచ్చుకుని పాత ఆఫీసులో చెబుతాడు. వాళ్లు ఒక తేదీ వేసి సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల మీద ప్రభుత్వం ఉంచే ఖాతా) వదిలేస్తారు, కొత్త ఐ-20 (వీసాకు కావాల్సిన కాలేజీ పత్రం) చేతికొస్తుంది. పరాయి దేశపు పిల్లాణ్ని కాస్త బతిమాలించుకోవాలన్న ఇంగితం కూడా లేదు. కాకపోతే అక్కడా క్రెడిట్లు అన్నీ ఒప్పుకోరు, జీపీఏ సాధారణంగా వెంట రాదు. అంతమాత్రం క్రమశిక్షణైనా మిగిలినందుకు సంతోషం.

ఇంత చెప్పినా మారి తీరతానని భీష్మించుకున్నవాళ్లకు ఒక రాజమార్గం ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమా చదివినవాడు ఈసెట్ అనే ఎంట్రన్స్ రాసి నేరుగా బీటెక్ సెకండియర్‌లో కూర్చుంటాడు. వాడు ఫస్టియర్ సిలబస్ వేరేచోట వేరేరకంగా చదివాడే, ఎలా కుదురుతుంది అని ఎవరూ అడగరు. హాల్ టికెట్‌లో మామూలు 1ఎ కోడ్ బదులు 5ఎ వేసి లోపలికి పిలుస్తారు. కాబట్టి పక్క కాలేజీలో సెకండియర్ చదవాలనుకునే సీఎస్ఈ విద్యార్థి ఉన్న సీటు వదిలేసి, పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ రాసి, మూడేళ్ల డిప్లొమా పూర్తిచేసి, ఈసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంటే చాలు. ఎన్ఓసీ అక్కర్లేదు, చదివిందే మళ్లీ చదవమనే బెడద లేదు. చిక్కల్లా ఒక్కటే, పాలిటెక్నిక్ అడ్మిషన్‌కు టెన్త్ మెమో ఒరిజినల్ అడుగుతారు.