తన పేరిట దాఖలైన కాగితాన్ని తానే చదవని కక్షిదారు

కుటుంబ న్యాయస్థానంలో వాయిదా ఉందంటే మన దగ్గర చాలామంది చేసుకునే ఏర్పాట్లు మూడే: వకీలుకు ఫోన్ చేసి ఎన్నింటికి రావాలో అడగడం, తోడు వచ్చే పెద్దమనిషిని మాట్లాడుకోవడం, పనికి సెలవు చెప్పడం. తన పేరిట కోర్టులో దాఖలైన పిటిషన్‌నో, దానికి జవాబుగా వేసే కౌంటర్‌నో మొదటి పేరా నుంచి కింది సంతకం దాకా చదివి, అందులో రాసిందంతా తాను చెప్పిందేనా అని చూసుకోవడం మాత్రం దాదాపు ఎవరూ చేయరు. కుటుంబ కేసుల్లో నిజం చెప్పేవాళ్లు కూడా ఓడిపోయినట్లు కనిపించడానికి ఈ ఒక్క లోపమే పెద్ద కారణమని నా గట్టి అభిప్రాయం.

మా దగ్గరి బంధువుల అమ్మాయి ఒకరు తిరుపతిలో మనోవర్తి కేసు వేసుకున్నప్పుడు కొన్ని వాయిదాలకు నేను తోడుగా వెళ్లాను. ఆమెది పుత్తూరు వైపు పల్లె, చదివింది తెలుగు మాధ్యమంలో పదో తరగతి వరకు. ఆమె చీఫ్ అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి రాసిచ్చే సాక్ష్యం, ఇంగ్లిషులో తయారైంది, సంతకం పెట్టడానికి ఆమెకు దొరికిన సమయం వరండాలో ఐదు నిమిషాలు. సంక్రాంతి ముగిసిన వారానికే పుట్టింటికి వచ్చేసిన మనిషి ఉగాది తర్వాత వచ్చినట్లు అందులో ఉంది. క్రాస్‌లో, అంటే ఎదురు విచారణలో, అవతలి న్యాయవాది అడిగిన మొదటి ప్రశ్నే, ‘మీరు అత్తవారిల్లు వదిలి ఎప్పుడు వచ్చారు?’ అని. ఆమె ఉన్నది ఉన్నట్లు చెప్పింది. చెప్పిన మరుక్షణమే, ప్రమాణం చేసి ఇచ్చిన అఫిడవిట్ అబద్ధమా, ఇప్పుడు చెప్పింది అబద్ధమా అన్న ప్రశ్న వచ్చింది. ఆ రెండు నెలల తేడాతో కేసు తలకిందులు కాలేదు కానీ, అప్పటి నుంచి ఆమె గొంతు సన్నబడిపోయింది. బిడ్డ ఫీజు ఎంత, ఇంటద్దె ఎంత అన్న ప్రశ్నలకు, ప్రతి నెలా తన చేత్తో కట్టే మొత్తాలకు కూడా, తడబడుతూ సమాధానం చెప్పింది. ఆ రోజు ఆమె తల్లి ముఖం నాకు ఇంకా గుర్తుంది.

నిజానికి 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం చేసినప్పుడు ఉన్న ఆలోచన దీనికి పూర్తిగా భిన్నమైనది. ఆ చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం న్యాయవాది ద్వారానే వాదించుకోవడం కక్షిదారుకు హక్కుగా రాదు. అవసరమనుకుంటే న్యాయస్థానమే సహాయంగా ఒక న్యాయ నిపుణుడిని పిలుచుకోవచ్చు. 9వ సెక్షన్ ముందుగా రాజీకి ప్రయత్నించవలసిన బాధ్యతను న్యాయస్థానంపై పెట్టింది. వివాదాన్ని తేల్చడానికి ఉపకరిస్తుందనుకున్న పత్రాన్ని సాధారణ సాక్ష్య చట్టం కొలతలతో పనిలేకుండా స్వీకరించే వీలును 14వ సెక్షన్ కల్పించింది. సాక్షి చెప్పినదంతా పొడవునా రాసుకోనక్కరలేదు, సారాంశాన్ని న్యాయమూర్తి నమోదు చేస్తే చాలని 15వ సెక్షన్ చెబుతుంది. ఇంటి గొడవను ఇంటి మనిషే న్యాయమూర్తి ముందు నిలబడి తన భాషలో చెప్పుకోవాలన్నది ఈ ఏర్పాట్లన్నింటి వెనక ఉన్న ఉద్దేశం. ఆచరణలో మాత్రం దాదాపు ప్రతి కేసులోనూ వకాల్తా పడుతుంది, కాగితాలు ఇంగ్లిషులో నడుస్తాయి, కక్షిదారు తన కేసులో తానే ప్రేక్షకురాలవుతుంది. న్యాయవాదులను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు; మంచి న్యాయవాది లేకపోతే చాలామంది మహిళలు ఆ గడప తొక్కే సాహసమే చేయలేరు. కానీ న్యాయవాది ఉన్నాడన్న ధీమా, తన కథను తాను తెలుసుకోవలసిన పనిని తప్పించదు. సారాంశమే నమోదయ్యే చోట ఏ ముక్క చెప్పాలో తెలిసిన మనిషి మాటే రికార్డులో నిలబడుతుంది.

నోటీసు చేతికి అందగానే చూసుకోవలసినది కేసు నంబరు ముందున్న అక్షరాలను. ఎఫ్‌సీఓపీ అని ఉంటే విడాకులో, కాపురానికి రమ్మనే కోరికో అయ్యే అవకాశం ఎక్కువ. ఎంసీ అని ఉంటే మనోవర్తి. జీడబ్ల్యూఓపీ అయితే బిడ్డ సంరక్షణ. నోటీసుతో పాటు పిటిషన్ నకలు రాకపోతే అడిగి తీసుకోవాలి. ‘మేం వెళ్లకపోతే కేసు ఏం నడుస్తుందిలే’ అనే ధోరణి మన పల్లెల్లో ఇంకా ఉంది. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే మనం లేకుండానే, నడుస్తుంది, అవతలివారు చెప్పిందే రికార్డవుతుంది. విడాకుల వంటి సివిల్ కేసుల్లో అలాంటి డిక్రీని రద్దు చేయమని అడగడానికి సాధారణంగా ఉన్న గడువు 30 రోజులు. మనోవర్తి ఉత్తర్వుల విషయంలో మూడు నెలలు. తేదీ తెలియలేదని చెప్పుకునే రోజులు కూడా పోయాయి: కేసుకు కేటాయించిన 16 అంకెల, అక్షరాల సీఎన్ఆర్ నంబరును ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో, దేనికోసమో కనిపిస్తుంది. ఆ ‘దేనికోసం’ అన్నది ముఖ్యం. కౌంటర్ దాఖలు చేయడానికి ఉన్న వాయిదాకు పది మంది బంధువులు తరలివచ్చి, సాక్ష్యం చెప్పవలసిన రోజున ఒక్క సాక్షి కూడా రాకపోవడం అరుదేమీ కాదు.

మనోవర్తి కేసుల్లో సన్నద్ధతకు అర్థాన్నే మార్చిన తీర్పు రజనేశ్ వర్సెస్ నేహా. 2020 నవంబర్ 4న వెలువడిన ఆ తీర్పులో సుప్రీంకోర్టు, మనోవర్తి అడిగేవారూ ఇవ్వవలసినవారూ ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు వివరిస్తూ అఫిడవిట్ దాఖలు చేయాలని ఆదేశించింది. దరఖాస్తు చేసిన తేదీ నుంచే మనోవర్తి ఇప్పించాలని కూడా చెప్పింది. ఈ తీర్పు గురించి మాట్లాడేవారు సాధారణంగా జీతపు చీటీల దగ్గర ఆగిపోతారు కానీ, వ్యవసాయదారుల కోసం ఆ తీర్పు వేరే నమూనా ఇచ్చిందన్న సంగతి మన చిత్తూరు, తిరుపతి జిల్లాలకు ఎక్కువ పనికొస్తుంది. అందులో భూమి విస్తీర్ణం, అది తరి భూమా మెట్టా, ఏ పంటలు వేశారు, గడచిన మూడేళ్లలో వచ్చిన ఆదాయం ఎంత, కౌలుకు తీసుకున్న భూమి ఉందా, పశువులు, కోళ్లు, తేనెటీగల పెంపకం వంటివి ఉన్నాయా, భూమి మీద అప్పులున్నాయా అని ఒక్కొక్కటిగా అడుగుతారు. ‘వర్షాధారం సార్, ఏమీ మిగలదు’ అన్న ఒక్క వాక్యంతో తప్పించుకునే దారిని ఆ నమూనా మూసేసింది. అయితే మూసిన తలుపుకు గడియ వేయవలసింది అవతలి పక్షమే. తోతాపురి మామిడి తోట ఉంటే గుజ్జు ఫ్యాక్టరీకి తోలిన కాయల తూకం చీటీలు, ఆవులుంటే పాల కేంద్రం నుంచి బ్యాంకు ఖాతాలో పడే డబ్బు, పొలం ఎవరి పేరిట ఉందో చెప్పే 1బి, అడంగల్: ఇవన్నీ ఆ ఇంట్లో కొన్నేళ్లు కాపురం చేసిన భార్యకు తెలిసిన విషయాలే. ఏ చీటీ ఏ బీరువాలో ఉండేదో ఆమెకు తెలుసు, కానీ దాన్ని కాగితం మీద పెట్టాలని ఆమెకు ఎవరూ చెప్పరు. మరోవైపు, నిజంగానే పంట నష్టపోయి అప్పుల్లో ఉన్న భర్త కూడా బ్యాంకు నోటీసులు, రుణ ఖాతా వివరాలు తీసుకురాకుండా నోటిమాటతో నెగ్గాలని చూసి నష్టపోతుంటాడు. ఖర్చుల విషయంలోనూ అంతే. ‘నెలకు ఇరవై వేలు కావాలి’ అన్న మాట కంటే అద్దె రసీదు, బడి ఫీజు రసీదు, మందుల బిల్లు పెట్టి, మిగిలినదాన్ని వివరించిన పట్టిక న్యాయమూర్తికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక ఫోన్ గురించి. 2025 జూలైలో విభోర్ గర్గ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, భార్యాభర్తల మధ్య వివాదంలో రహస్యంగా రికార్డు చేసిన సంభాషణను కూడా సాక్ష్యంగా స్వీకరించవచ్చని చెప్పింది. దీన్ని విని ప్రతి మాటా రికార్డు చేసుకోవడం మొదలుపెట్టడం సన్నద్ధత కాదని నేననుకుంటాను. ఒకరి మీద ఒకరికి ఉన్న కొద్దిపాటి నమ్మకం కూడా దాంతో పోతుంది. ఇప్పటికే ఉన్నదాన్ని వాడుకోవలసి వస్తే మాత్రం ముక్కలు చేయకుండా, రికార్డయిన ఫోన్‌నే భద్రపరచి, భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రంతో ఇవ్వాలి. వాట్సాప్ సందేశాల స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి ఫైల్లో పెట్టినంత మాత్రాన పని అయిపోదు.

తిరుపతికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట కూడా కేసు వేయవచ్చు. కొండపైన పెళ్లి చేసుకున్న జంట హైదరాబాద్‌లో ఉన్నా, చెన్నైలో ఉన్నా, ఆ పెళ్లి తిరుమలలో జరిగింది కాబట్టి ఇక్కడి న్యాయస్థానానికి విచారణాధికారం ఉంటుంది. 2003 సవరణ తర్వాత భార్య తాను నివసిస్తున్న చోట కూడా వేసుకోవచ్చు. దీని వల్ల ఊరు తెలియని, వకీలు తెలియని పరాయి జిల్లావారు రాత్రి బస్సులో దిగి, నిద్ర లేని కళ్లతో కోర్టుకు వస్తుంటారు. పెళ్లి రుజువుగా వారు తెచ్చేది చాలాసార్లు నమోదు ధ్రువపత్రం ఒక్కటే. క్రతువు జరగకుండా కేవలం ధ్రువపత్రంతో హిందూ వివాహం ఏర్పడదని సుప్రీంకోర్టు 2024లో డాలీ రాణి కేసులో స్పష్టం చేసింది కనుక, పెళ్లే కాలేదని అవతలివారు వాదించే కేసుల్లో శుభలేఖ, మాంగల్యధారణ ఫొటోలు, పెళ్లి చూసిన ఇద్దరు మనుషుల పేర్లు సిద్ధంగా ఉండటం మంచిది. వేలూరు, కోలారు వైపు సంబంధాలు కలుపుకున్న కుటుంబాలు మన సరిహద్దు మండలాల్లో ఎన్నో ఉన్నాయి. తమిళం, కన్నడంలో ఉన్న పత్రాలకు అనువాదం చేయించుకోవాలన్న సంగతి వారికి వాయిదా రోజునే తెలియడం బాధాకరం.

చదవకుండా సంతకం పెట్టడం వల్ల జరిగే అతి పెద్ద నష్టం రాజీ దగ్గర కనిపిస్తుంది. కౌన్సెలింగ్‌లో మాటలు కుదిరాయి, పెద్దలు సరే అన్నారు, ఒక మొత్తం ఒప్పుకున్నారు, అప్పటికప్పుడు రాజీ షరతులతో ఉమ్మడి మెమో టైపు చేసి చేతికిస్తారు. ఇరువురి సమ్మతితో ఇచ్చిన డిక్రీపై అప్పీలు లేదని అదే 1984 చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. ఎన్నో నెలల విసుగు తర్వాత, ఇక ఇది అయిపోతే చాలన్న అలసటతో పెట్టే సంతకం అది. డబ్బు ఎన్ని విడతల్లో, ఏ తేదీలకు ఇస్తారు, బంగారం, పెళ్లి సామాను ఎవరికి, బిడ్డను ఏ ఆదివారాలు, ఎక్కడ చూడవచ్చు, పోలీసు కేసు సంగతి ఏమిటి అన్నవి అందులో ఉన్నాయో లేదో చూడకుండా ఆ కాగితం మీద కలం పెట్టకూడదు. ఒక వాయిదా గడువు అడిగితే న్యాయమూర్తులు కాదనరు. అడగడానికి మొహమాటపడేది మనమే.

బిడ్డల విషయంలో సన్నద్ధతకు నేను మరో అర్థం చెబుతాను: బిడ్డను సిద్ధం చేయకపోవడం. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, బిడ్డకు తెలివిగా ఎంచుకోగల వయసు వస్తే ఆ ఇష్టాన్ని న్యాయస్థానం పరిగణించవచ్చని అంటుంది. దాంతో ముందు రోజు రాత్రి బిడ్డను కూర్చోబెట్టి ‘జడ్జిగారు అడిగితే ఇలా చెప్పు’ అని పాఠం చెప్పే తల్లిదండ్రులున్నారు. న్యాయమూర్తికి ఆ పాఠం రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. బిడ్డకు మాత్రం, తాను ఒకరిని కాదన్నానన్న బరువు ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చిన హక్కు. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. ఆ సహాయం ఇప్పుడు ప్యానల్ న్యాయవాదిని నియమించడం దగ్గర మొదలవుతోంది. దానికి ముందు ఇంకొక మెట్టు ఉండాలని నా విన్నపం. కుటుంబ కేసు నోటీసుతో పాటు ఒక తెలుగు కాగితం జతచేయాలి: ఇది ఏ కేసు, ఈ వాయిదా దేనికి, ఏ పత్రాలు తేవాలి, రాకపోతే ఏమవుతుంది. అఫిడవిట్‌పై సంతకం చేసే ముందు దాన్ని కక్షిదారుకు తెలుగులో చదివి వినిపించే పారాలీగల్ వాలంటీరు (న్యాయ విషయాల్లో శిక్షణ పొందిన కార్యకర్త) ఒకరు కోర్టు ఆవరణలో కూర్చోవాలి. న్యాయవాదికి ఇంగ్లిషు ప్రతి ఎలాగూ ఉంటుంది, దాని తెలుగు ప్రతి ఒకటి కక్షిదారు సంచిలో ఉండాలి. తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో ఇది మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. అంతదాకా తోడు వెళ్లే అన్నలు, బాబాయిలు, మేనమామలు చేయగలిగింది ఒకటుంది: వాయిదాకు వారం ముందు ఆ ఫైలు ఇంటికి తెప్పించి, ఇంగ్లిషు వచ్చిన పిల్లవాడి చేత ఒక్కో పేరా చదివించి, ప్రతి పేరా తర్వాత ఆమెనే అడగడం, ‘ఇది ఇలాగే జరిగిందా అమ్మా?’ అని.