క్లాస్ తప్పుగా ఎంచుకుంటే ఎల్డెన్ రింగ్ వేస్టా? ఎవరన్నారు?

మా పిన్ని కొడుకు మొన్న ఆదివారం ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌లో 22 గంటలు ఆడిన క్యారెక్టర్‌ని డిలీట్ చేసేశాడు. కారణం, గేమింగ్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న ఒక ఫార్వర్డ్. అందులో ఉన్నదేంటంటే, మొదట్లో ఎంచుకునే క్లాస్ (క్యారెక్టర్ రకం) తప్పు పడితే ఆటంతా పోయినట్టే, కాబట్టి ఎంచుకుంటే సమురాయ్, లేదంటే లెవెల్ 1 రెచ్. ఆస్ట్రాలజర్‌తో, అంటే మంత్రాలేసే క్లాస్‌తో, ఆడేది ఆట కాదు, చీటింగ్. పాయింట్లన్నీ డ్యామేజ్‌కే పెట్టాలి, విగర్ (ప్రాణం పెంచేది) దండగ. చివరగా, మూన్‌వెయిల్ కత్తితో ఉన్న ఆ 'ఎస్ టియర్' (అన్నిటికంటే పై మెట్టు) బిల్డ్‌ని, అంటే పాయింట్లు, ఆయుధాల కూర్పుని, మక్కీకి మక్కీ దించేయండి. మావాడిది ఆస్ట్రాలజర్. ఇంకేముంది, డిలీట్. అసలు ఆటలో 10 క్యారెక్టర్ స్లాట్లున్నాయి, కొత్తది మొదలుపెట్టడానికి పాతదాన్ని చంపక్కర్లేదు. ఆ ముక్క కూడా రాయలేదు ఆ మహానుభావుడు.

సరే, ఒక్కో మాటా చూద్దాం.

క్లాస్ తప్పితే అంతా పోతుంది అన్నమాట మనవాళ్ళకి ఇంత తేలిగ్గా ఎందుకు ఎక్కుతుందో నాకు తెలుసు. పదో తరగతి అవగానే ఎంపీసీనా బైపీసీనా అని ఇంట్లో జరిగిన రచ్చ ఎవరికీ మర్చిపోయేది కాదు కదా. ఇక్కడ అలాంటిదేమీ లేదు. 10 క్లాసులున్నాయి, ఏది తీసుకున్నా నీకొచ్చేది ఒక మొదటి లెవెల్, బలం, చురుకుదనం లాంటి 8 స్టాట్లలో కొన్ని పాయింట్లు, ఒంటిమీద బట్టలు, చేతిలో ఏదో ఒక ఆయుధం (రెచ్‌కి ఆ బట్టలు కూడా లేవు పాపం, ఒక దుడ్డుకర్ర అంతే). ఆ తర్వాత కావలసిన పాయింట్లు ఉంటే ఏ క్లాసువాడైనా ఏ కత్తైనా పట్టొచ్చు, ఏ మంత్రమైనా వేయొచ్చు. ఆస్ట్రాలజర్‌కి కత్తి రాదంటాడు ఫార్వర్డ్‌లో, వాడు ఆట మొదలుపెట్టేదే చేతిలో షార్ట్ సోర్డ్‌తో! స్ట్రెంత్ 8 మాత్రమే ఉన్నా ఆయుధాన్ని రెండు చేతులతో పట్టుకుంటే ఆట దాన్ని ఒకటిన్నర రెట్లుగా లెక్కేస్తుంది, అంటే 12. లాంగ్‌సోర్డ్‌కి కావలసింది స్ట్రెంత్ 10, డెక్స్ (చురుకుదనం) 10. వీడి డెక్స్ 12. ఇంకేం కావాలి?

సమురాయ్‌కి ఉన్న పేరంతా ఉచిగతాన వల్ల. ఆ కత్తి ఆట మొదలయ్యే ప్రాంతం లిమ్‌గ్రేవ్‌లోనే డెత్‌టచ్డ్ కాటకోంబ్స్ అనే సమాధుల్లో ఒక శవం దగ్గర దొరుకుతుంది, వెళ్ళి తెచ్చుకోవడమే. ఇంకా మనసు మారితే రాయా లుకారియా అకాడమీలో రెన్నాలా అనే బాస్‌ని ఓడించాక ఆమెకి లార్వల్ టియర్ అనే వస్తువు ఒకటి ఇచ్చి పాయింట్లన్నీ మళ్ళీ పంచుకోవచ్చు. మెలిక ఒక్కటే, ఏ స్టాట్‌నీ నీ క్లాస్ మొదటి అంకె కంటే కిందికి దించలేవు. ఫార్వర్డ్‌లో నిజం ఏదైనా ఉందంటే ఈ కాస్తే. ఇది ఎంత నిజమో రెచ్ సంగతిలో తేలుతుంది.

రెచ్ లెవెల్ 1 నుంచి మొదలవుతాడు కాబట్టి మిగతావాళ్ళ కంటే ఎక్కువ పాయింట్లు మన చేతికొస్తాయట. కూడిక వస్తే చాలు దీనికి. ఏ క్లాస్ అయినా తీసుకుని 8 స్టాట్లూ కూడి, లెవెల్ తీసేయండి, 79 వస్తుంది. రెచ్‌కి అన్నీ 10, మొత్తం 80, లెవెల్ 1. వాగాబాండ్ మొత్తం 88, లెవెల్ 9. సమురాయ్ కూడా 88, 9. ఆస్ట్రాలజర్ 85, లెవెల్ 6. అంటే ఒకే లెవెల్లో ఉన్న ఇద్దరి మొత్తం ఎప్పుడూ ఒకటే, ఎవడికీ కొసరు లేదు. పైగా కత్తి మాత్రమే పట్టేవాడికి ఇంటెలిజెన్స్, ఫెయిత్, ఆర్కేన్ అక్కర్లేదు, రెచ్‌కి అందులో 30 పాయింట్లు ఇరుక్కుపోతాయి, వాగాబాండ్‌కి 25. అంటే ఏరికోరి రెచ్ తీసుకున్నవాడికే 5 పాయింట్లు నష్టం. ఆ 5 కూడా లెవెల్ 100 దాటాక సాంబారులో ఒక ములక్కాడ ముక్క తగ్గినట్టే. రెచ్‌ని సరదాకి తీసుకోండి, లెక్క కోసం కాదు.

మంత్రం చీటింగా? ఆట మొదట్లో దూరం నుంచి కొట్టడం సుఖమే, కాదనను. కానీ ఆస్ట్రాలజర్ విగర్ 9, గుర్రమెక్కిన ట్రీ సెంటినెల్ అనే శత్రువు దగ్గరికొచ్చాడంటే ఆ సుఖం ఎంతో తెలుస్తుంది. ఉన్న ఫ్లాస్కుల్లోనే కొన్ని ప్రాణానికి, కొన్ని మంత్రానికి పంచుకోవాలి. రెన్నాలా మీద మాయ అంతగా పారదు కూడా. పెద్ద డాలు వెనక నక్కి బల్లెంతో పొడుచుకుంటూ పోయేవాణ్ణి ఎవరూ చీటర్ అనరు, చేతిలో మంత్రపు కర్ర ఉన్నవాడే దొరికాడా?

ఇక విగర్ దండగ అన్నమాట. కొత్తవాళ్ళని నిజంగా ముంచేది ఇదే, క్లాస్ కాదు. విగర్ 25 దగ్గర ప్రాణం 800, 40 దగ్గర 1450, 60 దగ్గర 1900. ఆ తర్వాత 99 దాకా పోసినా 2100 దాటదు, కాబట్టి 60 తర్వాత దండగ అంటే ఒప్పుకుంటా. 25 నుంచి 40 దాకా మాత్రం ఒక్కో పాయింటుకి 40 పైనే ప్రాణం వస్తుంటే దండగేంటి? డ్యామేజ్ కావాలంటే ముందు కమ్మరి దగ్గరికి వెళ్ళండి. స్మితింగ్ స్టోన్లతో మామూలు ఆయుధం ప్లస్ 25 దాకా, సోంబర్ రాళ్ళతో ప్రత్యేక ఆయుధం ప్లస్ 10 దాకా పెరుగుతుంది. మొదట్లో స్ట్రెంత్‌లో వేసిన నాలుగు పాయింట్ల కంటే ఆ రాళ్ళే ఎక్కువ పనిచేస్తాయి. ప్లస్ 2 కత్తితో బాస్ దగ్గరికెళ్ళి 'బిల్డ్ తప్పైందన్నా' అని ఏడ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో.

చివరికి ఎస్ టియర్. ఆట వచ్చింది 2022 ఫిబ్రవరి 25న. అదే మార్చి 17న వచ్చిన 1.03 అప్‌డేట్‌లో, అప్పటిదాకా అందరూ ఎగబడిన హోర్‌ఫ్రాస్ట్ స్టాంప్, సోర్డ్ ఆఫ్ నైట్ అండ్ ఫ్లేమ్, మిమిక్ టియర్ మూడింటి బలానికీ కోత పడింది. నెల తిరక్కుండానే! ఆ లిస్టులు పట్టుకుని రెండేళ్ళ తర్వాత కూడా తిరిగారు జనం.

సరే, వాళ్ళు చెప్పిన మూన్‌వెయిల్‌నే తీసుకుందాం. దానికి స్ట్రెంత్ 12, డెక్స్ 18, ఇంటెలిజెన్స్ 23 కావాలి. సమురాయ్‌కి ఉన్నవి 12, 15, 9. అంటే డెక్స్‌లో 3, ఇంటెలిజెన్స్‌లో 14, మొత్తం 17 పాయింట్లు, చేరేది లెవెల్ 26 దగ్గర. ఆస్ట్రాలజర్‌కి ఉన్నవి 8, 12, 16. వాడికీ సరిగ్గా 17 పాయింట్లే కావాలి, కానీ మొదలయ్యేది 6 నుంచి కాబట్టి లెవెల్ 23కే కత్తి చేతిలో ఉంటుంది. ఈ లెక్క ఫోన్లో చెప్తే మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. డిలీట్ చేసిన ఆస్ట్రాలజర్ లెవెల్ 31 అట. ఇప్పుడు సమురాయ్ లెవెల్ 14 దగ్గరున్నాడు.