గాలి పడవ, గట్టు మీద బావ

శ్రీకాకుళం జిల్లాలో ‘వేట’ అనే మాటకి మూడు అర్థాలున్నాయి. భావనపాడులో ‘వేటకెళ్లినారు’ అంటే సముద్రం మీద చేపలకి వెళ్లారని. కనుమనాడు ఏ ఊళ్లోనైనా ‘వేట ఏసీసినారు’ అంటే మేకపోతు సంగతి. మూడోది తుపాకీ పట్టుకుని పిట్టల మీదికి పోవడం. దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, జైలూ ఉంది. ఈ తేడాలు తెలియని పరదేశపు కేటలాగు ఒకటి ‘వేటకూ చేపలకూ అనువైన, గాలి నింపుకునే మడత పడవ’ అంటుంది. కనుమ ఇంకో పది రోజులుందనగా విజయనగరం బావ దాన్ని చదువుతాడు. ఇలాంటి బావ ప్రతి ఇంటికీ ఒకడుంటాడు. ఆర్డరు పెట్టేశాక గానీ ఇంట్లో చెప్పడు.

రంగు ఎంపికలోనే మొదటి తప్పు జరిగిపోతుంది. బావ ఆకులూ రెల్లూ అచ్చేసిన పచ్చ రంగు ఎంచుకుంటాడు. బాతుల్ని కాల్చే దేశాల్లో పిట్టకి పడవ కనబడకూడదని వేసే రంగు అది. మన దగ్గర తేలినీలాపురానికి ఏటా దిగే పెలికాన్లని ఊరివాళ్లు చుట్టాల్లా చూసుకుంటారు. వాటినుంచి దాక్కోవలసిన పని ఎవరికీ లేదు. పైగా ఆ రంగు పడవ చెరువు మధ్యలో ఆగిపోతే గట్టు మీది మనిషి కంటికి గుర్రపుడెక్క గుంపులా కనిపిస్తుంది, పడవలా కాదు. ముదురు రంగు ఎండకి తొందరగా కాలుతుంది కూడా. లేత బూడిద రంగు తీసుకుని, ముక్కుకి ఒక నారింజ గుడ్డ కట్టుకోవడం మేలు.

అసలు చూసుకోవలసింది బరువు. గాలి పడవ నీళ్ల మీద ఉండేది నెలకి నాలుగైదు గంటలు. మిగతా కాలమంతా అటక మీద, బండి మీద, భుజం మీద, గట్టు మీద. కాబట్టి చెరువుని తలుచుకుని కాదు, చెరువు గట్టుని తలుచుకుని కొనాలి. అడుగున సన్న చెక్క పట్టీలుండే 2.3 మీటర్ల పడవ 20, 25 కిలోల మధ్య తూగుతుంది. ప్లైవుడ్ పలకలుండే 2.7 మీటర్లది 35 నుంచి 40 దాకా పోతుంది. 3.3 మీటర్లదైతే 55 దాటుతుంది. ఒక మనిషి జారుడు గట్టు మీంచి పడిపోకుండా దింపగలిగేది 25 కిలోలు. అంతకు మించితే బావమరిది కావాలి. బావ కొన్నది 36 కిలోలది. బావమరిదిది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు, మనిషి బక్కపలచన.

“ఏటి బావా ఇది, పరుపేటి?” అంటాడు, బండి మీద అడ్డంగా కట్టిన సంచి చూసి. సంచి పొడవు మీటరు పైనే, వెడల్పు అరవై సెంటీమీటర్లు. అటునుంచి గడ్డి బండి వస్తే రెండూ ఒక దారిలో పట్టవు.

కేటలాగులో రాసిన కొలతకీ లోపల కూర్చునే చోటుకీ ఉన్న తేడా అపార్టుమెంటు కొన్నవాళ్లకి వెంటనే బోధపడుతుంది. ప్లింత్ ఏరియా వేరు, కార్పెట్ ఏరియా వేరు. పడవ వెడల్పు 1.4 మీటర్లని రాస్తాడు. రెండు పక్కలా గొట్టాలు ఒక్కోటి 36 సెంటీమీటర్ల లావు. ఆ రెండూ తీసేస్తే మిగిలేది 68 సెంటీమీటర్లు, అంటే ఇరుకు బెంచీ మీద ఇద్దరు కూర్చున్నంత. ‘ముగ్గురికి’ అని ఉంటే ముగ్గురు కూర్చోగలరని అర్థం చేసుకోవాలి. గాలం విసరాలంటే ఒకణ్ణి గట్టు మీద దించెయ్యాల్సిందే.

బరువు పలక మీది అంకె కూడా చదవాలి. 250 కిలోలని ఉంటే అందులో మనుషులే కాదు, మోటారూ బ్యాటరీ సామానూ అన్నీ కలిసి ఉంటాయి. కనుమ భోజనానికి ముందు బావ 92, బావమరిది 64. కరెంటు మోటారు 9, దానికి 100 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీ 28. ఐసు పెట్టె 15, తెడ్లూ తాడూ లంగరూ 7. ఇప్పటికే 215 అయింది, కేరేజీ ఇంకా లెక్కలోకి రాలేదు. ఆ బ్యాటరీని సగం కంటే ఎక్కువ వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. పూర్తి వేగంలో మోటారు 40 ఆంపియర్లు లాగితే గంటా పావుకి సగం ఖాళీ. అది కాక, మన చెరువుల్లో గుర్రపుడెక్క, తామర తూళ్లు పంకాకి జడలా చుట్టుకుంటాయి. మొదటిసారికి తెడ్లు చాలు.

గుడ్డ దగ్గర మాత్రం కక్కుర్తి పనికిరాదు. నాలుగంకెల ధరకి వచ్చేవన్నీ ఉత్త ప్లాస్టిక్ రేకుతో చేసినవి. పిల్లల ఈతచక్రానికి తమ్ముళ్లు, అంతే. లోపల పాలిస్టరు నేత ఉండి దానికి రెండు వైపులా పీవీసీ పూత పట్టించినదే పడవ. అతుకు అంచు దగ్గర చూస్తే నేత గళ్లు కనిపిస్తాయి. మందం 0.7 మిల్లీమీటర్లైతే చెరువుకి సరిపోతుంది. రాళ్లూ ముళ్లూ ఉన్నచోట 0.9 కావాలి. నేత ఉన్నది 0.25 బార్ ఒత్తిడి తట్టుకుని చెక్కలా బిగుసుకుంటుంది. రేకుది అంత ఒత్తిడి పట్టదు. దానిలో నిలబడితే కాలి కింద గుంట పడి, చెరువంతా ఆ గుంటలోకే వస్తున్నట్టుంటుంది. గాలి గదులు కనీసం రెండు, మూడుంటే మరీ మంచిది. అతుకులు జిగురుతో కాకుండా వేడి గాలితో కరిగించి కలిపినవైతే మన ఎండలకి ఎక్కువ కాలం ఆగుతాయి. బావ ఇదంతా చదివాడు. గుడ్డ సరిగ్గానే ఎంచాడు. ఆ పుణ్యమే తర్వాత కాపాడింది.

గట్టెక్కాక మొదటి పని పడవ విప్పడం కాదు, నేల ఊడ్చడం. చెరువు గట్టంటే సర్కారు తుమ్మ ముల్లు. సముద్రం వైపైతే సరుగుడు తోటల్లో రాలిన కాయలు, అవీ ముళ్ల ఉండలే. కింద టార్పాలిను పరవాలి. ఆ తర్వాత గొట్టాలు కాస్త మెత్తగా ఉన్నప్పుడే పలకలు పెట్టాలి. ముందుదీ వెనకదీ అమర్చి, మధ్య రెండింటినీ పూరింటి కప్పులా నిలబెట్టి కాలితో తొక్కితే టక్కున కూర్చుంటాయి. వేలు అడ్డముంటే అదీ కూర్చుంటుంది. గాలి ఒక గదికే నిండా కొట్టకూడదు, మధ్య గోడ పక్క గదిలోకి ఉబ్బి అతుకు లాగేస్తుంది. అన్నిటికీ సగం సగం పట్టించి, మళ్లీ మొదటినుంచి నింపుకు రావాలి.

ఆ గాలెంతో లెక్క వేస్తే 2.7 మీటర్ల పడవకి సుమారు 600 లీటర్లు. కాలి పంపు తొక్కుకి 5 లీటర్లు. కాగితం మీద 120 తొక్కులు, ఒడ్డున 160. చివరి ఇరవై మాత్రం ఒక్కొక్కటీ పది తొక్కుల పెట్టు.

బావ చొక్కా విప్పి గూటానికి తగిలించి తొక్కడం మొదలుపెడతాడు. ఊరి గుంటలు, అంటే పిల్లలు, చుట్టూ చేరి లెక్కపెడతారు. యాభై ఐదో తొక్కుకి మొదటి గది బిగుసుకుంటుంది. బావ విజయగర్వంతో పంపు గొట్టం లాగుతాడు.

బుస్స్...

అర నిమిషంలో పడవ చాపలా పరుచుకుంటుంది. గట్టు మీద కట్టేసిన గేదె తాడు తెంపుకుంటుంది.

“ఏటి బావా, ఊదినదంతా ఊదీసింది!”

జరిగిందేమిటంటే, గాలి మూత విప్పితే మధ్యలో స్ప్రింగు మీద చిన్న పిన్ను ఉంటుంది. అది పైకి లేచి ఉంటే గాలి లోపలికే పోతుంది, బయటికి రాదు. నొక్కి పావు చుట్టు తిప్పితే కిందే ఉండిపోతుంది, అప్పుడు తలుపు బార్లా తీసినట్టే. మడత పెట్టేటప్పుడు ఉన్న గాలంతా పోవాలని పిన్ను కిందికి దింపి పంపుతారు. పంపు బిగించి ఉన్నంతసేపూ పంపులోని కవాటమే గాలిని ఆపుతుంది కాబట్టి తొక్కేవాడికి అనుమానం రాదు. గొట్టం తీసినప్పుడే గుట్టు బయటపడుతుంది. పంపు పెట్టకముందే ప్రతి గది పిన్నూ వేలితో నొక్కి, అది టక్కున పైకి లేస్తోందో లేదో చూడాలి. మూడు గదులకీ కలిపి పది సెకన్ల పని.

రెండోసారి తొక్కే ఓపిక లేక బావమరిది ఒక ఉపాయం చెబుతాడు: “రోడ్డు మీద పంచరు షాపుంది, కంప్రెసరుతో కొట్టించీద్దుం.” ఈ ఉపాయం వచ్చినవాణ్ణి అక్కడే ఆపాలి. లారీ చక్రానికి గాలి పట్టే యంత్రానికి 0.25 బార్ అంటే ఆవలింత లాంటిది. ఎప్పుడు నిండిందో, ఎప్పుడు మించిందో దానికి తెలియదు, షాపువాడికీ తెలియదు. అతుకు విడిపోయాక అందరికీ తెలుస్తుంది. 12 వోల్టుల పడవ పంపు దొరుకుతుంది, ముప్పావు వంతు దానితో నింపి మిగతాది మీటరు చూసుకుంటూ కాలితో పూర్తి చెయ్యాలి. మళ్లీ బావే తొక్కుతాడు.

పడవ నిండింది కదా అని దాన్ని ఇసకలో వదిలేసి టిఫినుకి పోకూడదు. పొద్దున 30 డిగ్రీల దగ్గర 0.25 బార్ కొట్టిన గాలి, ఎండలో గొట్టం 60 డిగ్రీలకి కాగితే 0.37 దాకా పెరుగుతుంది. ఇడ్లీ రెండో వాయి వచ్చేలోపు అతుకుల ప్రాణం మీదికొస్తుంది. నీళ్లలోకి దించితే చల్లబడి మెత్తబడుతుంది. అప్పుడు కాస్త కొట్టుకోవాలి గానీ, గాలి పోతోందని గాభరా పడకూడదు.

ఇంకో సంగతి. చెరువు ఎవరిదో ముందే అడగాలి. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సంఘానిదో, పాట పాడుకున్నవాళ్లదో అయి ఉంటుంది. పోనీ ఏరు ఎవరిదీ కాదు కదా అని నాగావళి ఇసకలో దిగితే, అక్కడ ఇంకో తిరకాసు. నాగావళీ వంశధారా రెండూ ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టినవి. అక్కడ వాన పడితే ఇక్కడ ఆకాశంలో మబ్బుతునక లేకుండానే నీరు వచ్చేస్తుంది. సముద్రమైతే ఇలాంటి పడవకి అసలు వద్దు. ఒడ్డున విరిగే కెరటం దీన్ని అప్పడంలా తిప్పేస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు పడవలకి వేట నిషేధం ఎలాగూ ఉంటుంది.

నీళ్ల మీద గాలి పడవకి శత్రువు గాలే. నీళ్లలో మునిగేది జానెడు, పైన తేలేదంతా తెరచాప. బావ ఎదురుగాలికి తెడ్డు వేస్తే పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. అందుకే వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లాలి, తిరిగి రావడానికి గాలి సాయముంటుంది. బావ గాలివాటున హాయిగా వెళ్లాడు. లంగరు ముక్కునుంచి వెయ్యాలి. రెండు మీటర్ల లోతుకి పది మీటర్ల తాడు వదిలితే గానీ పట్టదు. కొనే ఇనుప లంగరు కొక్కేలు పడవనే పొడుస్తాయి. జనపనార మిల్లుల ఊరివాడు బావ ఒక గోనె సంచిలో ఇసక పోసి కట్టుకున్నా సరిపోయేది. ఆ మాట తర్వాత బావమరిదే అన్నాడు. లైఫు జాకెట్టు ఐసు పెట్టె మీద పరుచుకోవడానికి కాదు, తొడుక్కోవడానికి.

చివరికి ఒక చేప పడింది, అదీ జెల్ల. దాని వీపు మీద ఒక ముల్లు, రెండు బుగ్గల పక్కనా ఒక్కో ముల్లు. తడి గోనె గుడ్డతో పట్టుకుని మూత ఉన్న గట్టి బకెట్లో వెయ్యాలి. బావ దాన్ని ఒళ్లో వేసుకున్నాడు. అది ఒళ్లోంచి గొట్టం మీదికి ఎగిరింది. సన్నగా ఈల మొదలైంది.

గుడ్డ గట్టిదీ, గదులు మూడూ కాబట్టి పడవ మునగలేదు, ఒక పక్కకి ఒరిగింది. థర్మాకోల్ తెప్ప మీద వలలు చూసుకుంటున్న పెద్దాయన నిదానంగా వచ్చి తాడు అందుకున్నాడు. “భయం నేదు బావూ, కదలకండి” అని లాక్కుపోయాడు. వాళ్ల తాతల కాలంలో తెప్పంటే దుంగలు. వేట అయ్యాక తాళ్లు విప్పి, దుంగ దుంగా మోసుకెళ్లి ఇసకలో ఎండబెట్టేవారు. మడత పడవ ఈ తీరానికి కొత్తేం కాదు. దానికి పంపు లేదు, అంతే.

చిల్లు ఎక్కడుందో సబ్బు నీళ్లు పోస్తే బుడగలు చెబుతాయి. అక్కడ సైకిలు ట్యూబుకి వాడే సొల్యూషను పెడితే ఆ పూటకి అంటినట్టే ఉంటుంది, మర్నాడు దోసెలా లేచిపోతుంది. అది రబ్బరుకి పనికొచ్చే జిగురు. పీవీసీకి రెండు డబ్బాలు కలిపే పాలీయురెథేన్ జిగురు వేరే ఉంది. చిల్లు చుట్టూ ఐదు సెంటీమీటర్లు దాటేలా, మూలలు లేకుండా గుండ్రంగా ముక్క కత్తిరించాలి. రెండు వైపులా ఎసిటోనుతో తుడిచి, జిగురు రెండు పూతలు వేసి, మధ్య మధ్య ఆరనిచ్చి, నీడలో ఒత్తి 24 గంటలు వదిలెయ్యాలి. వాన రోజుల్లో, సముద్రపు తేమ గాలిలో ఈ పని పెట్టుకుంటే జిగురు పట్టదు. సంక్రాంతి పొడి గాలే దానికి మంచిది. ఆ ఒక్క విషయంలో బావ ముహూర్తం కుదిరింది.

అతుకు సంగతి రేపు చూసుకోవచ్చు, ఇప్పుడు మిగతా రెండు గదుల్లో గాలి తియ్యాలి. పిన్ను నొక్కి తిప్పితే చాలు కదా. కానీ గట్టు మీది ఇసక రేణువులు పొద్దున్నే మూతల్లో దూరాయి. పిన్ను దిగుతుంది గానీ తిరగదు, వేలు తీస్తే మళ్లీ పైకి లేస్తుంది. కడగడానికి మంచినీళ్ల సీసా ఉండాలి, అదేమో కేరేజీతోపాటు తాగేశారు. బావమరిది గొట్టం మీద బోర్లా పడుకుని ఒళ్లు బరువంతా వేసి, బొటనవేలితో పిన్ను నొక్కిపట్టాడు. పొద్దున అర నిమిషంలో పోయిన గాలి ఇప్పుడు ముక్కుతూ మూలుగుతూ వస్తోంది. ఊరి గుంటలు మళ్లీ చుట్టూ చేరి ఒకటినుంచి లెక్క మొదలుపెట్టారు.

“బావా, పంపులో వెనక బొక్కకి గొట్టం పెడితే గాలి లాగుతాదట. పొద్దున్నే కాగితంలో సదివినాను.”

“మరి చెప్పవేంరా?”

“నువ్వు అడగనేదు కదేటి.”