బోర్లు వేసినవాళ్లకు ఈ లెక్క తెలుసు

అమెరికా షేల్ చమురు, అంటే భూమి లోపల గట్టి రాతి పొరల్లో ఇరుక్కున్న చమురు మీద మీ వ్యాసంలో బ్యారెల్ తీయడానికి ఎంతవుతుందో వివరంగా రాశారు. కానీ బావి ఎన్నాళ్లు పారుతుందనేదే అసలు లెక్క. మాది అనంతపురం దగ్గర పల్లె. చీనీ తోట కోసం మా నాయన ఆరు బోర్లు వేయించాడు. ఐదోదాంట్లో రెండించుల నీళ్లు పడితే ఇంట్లో పండగే. మరుసటి ఎండాకాలానికి పైపులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పు మాత్రం అలాగే ఉంది.

షేల్ బావీ అంతే. మొదటి ఏడాదిలోనే దిగుబడి సగానికి పైగా పడిపోతుంది. ఉత్పత్తి నిలబడాలంటే కొత్తవి తవ్వుతూనే ఉండాలి, అప్పు తెస్తూనే ఉండాలి. 2014లో 100 డాలర్లు దాటిన బ్యారెల్ 2016 జనవరిలో 30 లోపుకు దిగేసరికి టెక్సాస్‌లో ఎన్నో చిన్న కంపెనీలు దివాలా తీశాయి. 2020 ఏప్రిల్ 20న అక్కడి ఫ్యూచర్స్ ధర, అంటే ముందుగా కుదుర్చుకునే ఒప్పందాల ధర, మైనస్ 37 డాలర్లకు పోయింది; అమ్మేవాడే ఎదురు డబ్బిచ్చి వదిలించుకోవాల్సి వచ్చింది.

ఇంకో మాట సార్. ఆ రాయిని పగలగొట్టడానికి ఒక్కో బావిలోకి ఇసుక, రసాయనాలు కలిపి కోట్ల లీటర్ల నీళ్లు పంపుతారు. ఆ నీటి విలువ మీ లెక్కలో ఎక్కడా లేదు. ట్యాంకర్ దగ్గర బిందె పట్టుకుని మా అమ్మ నిలబడటం చూసినవాణ్ణి, అదీ ఖర్చు కింద రాయండి.