గాలి రాని గొట్టమే హాయి

మా నాన్న ఇప్పటిదాకా మనస్ఫూర్తిగా మెచ్చుకున్న ఆక్సిజన్ గొట్టం ఒకే ఒక్కటి. అందులోంచి గాలి రావట్లేదు.

నాన్న ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరు. తెనాలి చుట్టుపక్కల రోడ్ల దుమ్ము సగం, బీడీల పొగ సగం ఊపిరితిత్తుల్లో దాచుకుని రిటైరయ్యాడు. సీఓపీడీ అన్నారు డాక్టరుగారు, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయి ఆయాసం తెచ్చే జబ్బు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోండి, నిమిషానికి 2 లీటర్లు, రోజుకి కనీసం 15 గంటలు, ఆయాసంగా ఉందని మీ అంతట మీరు పెంచకండి, వేలికి పెట్టే ఆక్సీమీటర్లో రక్తంలోని ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలు, ఈయనకి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు అని చెప్పారు. నాన్న అంతా విని "స్టేట్ ఫస్టు రావక్కర్లేదన్నమాట" అన్నాడు.

మిషన్ వచ్చింది. గదిలో గాలినే లోపలికి లాక్కుంటుందట, అందులో నైట్రోజన్‌ని జియోలైట్ గుళికలు పట్టేసుకుంటాయట, మిగిలింది నూటికి 90 పైచిలుకు ఆక్సిజనట. మిషన్ బిగించిన కుర్రాడు ఇదంతా శ్రద్ధగా చెప్పాడు. "అంటే మా ఇంట్లో గాలికే మాకు టికెట్టు కొడుతున్నారు" అని తేల్చేశాడు నాన్న.

మిషన్‌తో ఏ పేచీ లేదు. పేచీ అంతా గొట్టంతోనే. మిషన్‌తో పాటు వచ్చింది గట్టి ప్లాస్టిక్‌ది, ముక్కులో పెట్టుకునే రెండు కొనలూ నిటారుగా పుల్లల్లా ఉన్నాయి. రెండో రోజుకే ముక్కులో మంట, కుడి చెవి వెనకాల ఎర్రటి గీత. అసలు ఆ చెవి సంగతి కూడా చెప్పాలి. కళ్ళజోడు కాడ దాని మీదే, వినికిడి మిషన్ పెట్టుకునేదీ దానికే, మాస్కు తాడు దానికే, పొద్దున పేపర్లో గళ్ళనుడికట్టు పూరించాక పెన్ను పెట్టుకునేదీ అక్కడే. ఇప్పుడు కొత్తగా గొట్టం వచ్చి చేరింది. పండక్కి చుట్టాలొచ్చిన రెండు గదుల ఇల్లులా ఉంటుంది ఆ చెవి.

ఇంకాస్త మెత్తటిది తెద్దామని మందుల షాపుకి వెళ్ళాను. ముందే ఫోన్లో చూసుకుని పేరు బట్టీ పట్టాను కాబట్టి దర్జాగా "క్యాన్యులా ఇవ్వండి" అన్నాను. ఎంత సైజన్నాడు. పెద్దవాళ్ళకి అన్నాను. చిన్న ప్యాకెట్టు ఇచ్చాడు. ఇంటికొచ్చి విప్పితే సూది! చేతికి సెలైన్ పెట్టే సూది. నాన్న దాన్ని చూసి ముక్కు రెండు చేతుల్తో మూసుకున్నాడు. మళ్ళీ వెళ్తే ఆ అబ్బాయి నవ్వాపుకుంటూ, "ముక్కుకైతే నేజల్ ప్రాంగ్స్ అనాలి సార్" అన్నాడు. అన్నాం, తెచ్చాం.

ఈసారి కొనలు వంపు తిరిగి ఉన్నాయి. ముక్కు లోపలి దారి కూడా నిటారుగా పైకి ఉండదు, వెనక్కి గొంతు వైపు వంగుతుంది కాబట్టి ఆ వంపుకి తగ్గట్టు చేసినవట. ఈ ముక్క మాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. ఆ మూడు రోజులూ తిరగేసి పెట్టాం. నాన్న "గాలి నెత్తికెక్కుతోందిరా" అంటూనే ఉన్నాడు, పెద్దవాళ్ళు ఏదో ఒకటి అంటూనే ఉంటారు కదా అని మేము వింటూనే ఉన్నాం. పైగా జారిపోతుందని గడ్డం కింద ఉండే బిగింపుని టై కట్టినట్టు గొంతు దాకా లాగేశాను నేను. కింద రెండు వేళ్ళు దూరేంత వదులుండాలని ఆ తర్వాత నర్సమ్మగారు వచ్చి వదులు చేసి, తిరగేసి పెట్టి, మా అందరి వంకా ఒకసారి చూసి వెళ్ళింది. ఆ చూపు నాకింకా గుర్తే.

మధ్యలో మీసం గొడవొకటి. ముక్కు కింద ఒరుసుకుంటోందని నాన్న మీసానికీ ముక్కుకీ కలిపి నూనె పట్టించాడు. ఆక్సిజన్ దగ్గర నూనె, వ్యాజలీన్ లాంటివి పనికిరావు, త్వరగా నిప్పంటుకుంటాయి, ముక్కు ఎండిపోతే నీళ్ళతో చేసిన జెల్ రాయాలి. అమ్మ సబ్బుతో కడిగిస్తూ, "ఊపిరికి దిక్కు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె" అంది. దీపాలూ అగరొత్తులూ కూడా అప్పట్నుంచి వీధి వరండాలోకి మారాయి. అమ్మ అక్కడ హారతి ఇస్తే నాన్న ఇక్కణ్ణించే దణ్ణం పెట్టుకుంటాడు. దేవుడికి లేని ఇబ్బంది మనకెందుకు.

ఇక మూడోది సిలికాన్. మొదటిదాని ధరకి నాలుగు రెట్లు. పట్టుకుంటే సేమ్యాలా ఉంది. దాంతోపాటే 15 మీటర్ల పొడుగు గొట్టం కూడా తెచ్చి, మిషన్ రొద నిద్రకి అడ్డమని దాన్ని హాల్లోకి మార్చి, పొడుగు గొట్టాన్ని హాల్లోంచి నాన్న మంచం దాకా లాగి అక్కడ ఈ సిలికాన్‌ది తగిలించాం. నాన్నకి ఇల్లంతా తిరిగే వీలొచ్చింది. దాంతోపాటు పాత ఉద్యోగం కూడా గుర్తొచ్చింది. వెనకటి బస్సుల్లో పైన తాడుండేది చూడండి, కండక్టరు ఒకసారి లాగితే ఆపు, రెండుసార్లు లాగితే పోనివ్వు. నాన్న గొట్టాన్ని అలా వాడటం మొదలుపెట్టాడు. ఒకసారి లాగితే మంచినీళ్ళు, రెండుసార్లు లాగితే కాఫీ. హాల్లో గొట్టం పాములా కదిలిందంటే అమ్మ స్టవ్ వెలిగించేది.

ఆ రోజు సాయంత్రం కూడా రెండుసార్లు లాగాడు. కాస్త గట్టిగా లాగినట్టున్నాడు. పది నిమిషాలకి నన్ను పిలిచాడు.

"ఒరేయ్, ఇదిరా గొట్టం అంటే! అసలు ముక్కులో ఉన్నట్టే లేదు. గాలి కూడా గుచ్చట్లేదు. ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టావురా దీన్ని?"

నా జన్మలో నాన్న నా కొనుగోలుని మెచ్చుకోవడం అదే మొదలు. ఛాతీ ఉప్పొంగింది. హైదరాబాదులో ఉన్న అక్కకి ఫోన్ చేసి, సిలికాన్ గొప్పతనం గురించి ఓ ఉపన్యాసం ఇస్తున్నాను. ఈలోగా కాఫీ తెచ్చిన అమ్మ గది గుమ్మంలోనే ఆగిపోయింది.

"మంచం కింద ఏదో ఉంది."

నిజమే, గరగరమని చప్పుడు. ఆగి ఆగి వస్తోంది. వానాకాలం, వెనకాల ఖాళీ స్థలం నిండా పిచ్చి మొక్కలు, ఇక వేరే చెప్పాలా. అమ్మ కాఫీ గ్లాసుతో సహా కుర్చీ ఎక్కింది. పక్కింటి బాబాయిగారు దుడ్డుకర్రతో వచ్చారు. నాన్న మంచం మీద బాసింపట్టు వేసుకుని "తోక తొక్కకండి, తోక తొక్కకండి" అని సూచనలు. బాబాయిగారు టార్చి వేసి వంగి చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కర్రతో నెమ్మదిగా బయటికి లాగారు. పొడుగు గొట్టం కొన. దాని ఎదురుగా, సిలికాన్ గొట్టం వచ్చిన ప్లాస్టిక్ కవరు. ఆ కవరు నిమిషానికి 2 లీటర్ల చొప్పున హాయిగా ఆక్సిజన్ పీలుస్తూ గరగరలాడుతోంది.

ఆక్సీమీటర్ పెడితే 85. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. గబగబా తగిలించి, కొనలు గ్లాసుడు నీళ్ళలో ముంచి బుడగలొస్తున్నాయని చూసుకుని (ఇది ముందే చేయాల్సిన పని), తుడిచి ముక్కుకి పెట్టాం. కాసేపటికి 90కి వచ్చింది. నాన్న మొహం మాత్రం చిట్లించుకున్నాడు.

"ఇప్పుడు మళ్ళీ గుచ్చుతోందిరా. ఇందాకటిదే బాగుంది."

అప్పట్నుంచి గొట్టం లాగడం నిషేధం, పిలవడానికి గంట కొనిచ్చాం. చెవి మాత్రం తగ్గలేదు. స్పాంజి తొడుగులు వేశాం, అమ్మ పాత పంచె చింపి చుట్టింది, నాలుగో రకం గొట్టం కూడా తెప్పించాను. ఎడమ చెవి శుభ్రంగా ఉంది, కుడి చెవి వెనకాల మాత్రం పుండు పడేలా ఉంది. సిలికాన్ పడట్లేదేమో, అలర్జీ పరీక్ష చేయించాలేమో అని అక్క ఫోన్లోనే ఏడుపు మొదలుపెట్టింది.

డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చెవి వంచి చూడబోయి, అక్కడున్న పెన్ను తీసి బల్ల మీద పెట్టి, తర్వాత చెవి చూశారు. చూసి, మళ్ళీ పెన్ను వంక చూశారు. పెన్ను కింద గొట్టం, గొట్టం కింద చర్మం. లావుపాటి నాలుగు రంగుల పెన్ను, పోయిన సంక్రాంతికి నేనే కొనిచ్చింది. "ఇది ఎన్నాళ్ళ నుంచి పెట్టుకుంటున్నారండీ?" అన్నారు. "సర్వీసులో చేరినప్పట్నుంచి" అన్నాడు నాన్న గర్వంగా.

పది రోజుల్లో కుడి చెవి మానిపోయింది. ఇవాళ పొద్దున గంట అదేపనిగా మోగుతుంటే వెళ్ళాను. ఈ నాలుగోది కూడా దండగేనట, ఇప్పుడు ఎడమ చెవి వెనకాల ఒరుసుకుంటోందట, ఐదో రకం ఏమైనా ఉందేమో కనుక్కోమన్నాడు. సరే నాన్నా అంటూ ఆ చెవి మీది పెన్ను తీసుకుని చీటీ మీద రాసుకున్నాను.